గోలీలే సంపినయా?

అతను మా సెంటర్‌కు మొదటిసారి వచ్చిన రోజు బెంచీ మీద కూర్చోలేదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. భుజాన గొంగడి, పక్కన భార్య. ఇద్దరికీ నలభై లోపే ఉంటాయి. కల్వకుర్తికి అవతల ఒక ఊరు వాళ్లది. గొర్ల మీద బతికే ఇల్లు. ఎండాకాలం వస్తే అతనూ అతని అన్నా మందను తోలుకుని ఆలంపూర్ దాటి నది ఒడ్డుదాకా మేతకు పోయేవాళ్లు, వానలు పడ్డాక తిరిగొచ్చేవాళ్లు. ఆ ఏడు సగం దారిలోనే అతని కాళ్లలో సత్తువ పోయింది. అన్న మందను వేరేవాళ్లకు అప్పజెప్పి తమ్ముణ్ని దవాఖానకు తెచ్చాడు. రక్తపరీక్షలో హెచ్‌ఐవీ అని తేలింది. భార్యను పిలిపించి చూస్తే ఆమెకూ ఉంది. ఎనిమిదేళ్ల కూతురికి లేదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ల తర్వాతి మాట ఇది. నేను అప్పుడూ ఇప్పుడూ హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే సెంటర్‌లో కౌన్సెలర్‌ను. ఏ దవాఖానో రాయను, అప్పుడు నాతో పనిచేసినవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. మాది నకిరేకల్ పక్క పల్లె. మా నాయిన నిమ్మతోటల్లో కూలి చేసి నన్ను చదివించాడు. గోలీలు ఎట్లా వేసుకోవాలో, ఇంట్లో ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో కూర్చోబెట్టి మాట్లాడటం నా పని. దాంతోపాటు, వచ్చిన ప్రతి మనిషినీ వచ్చిన ప్రతిసారీ నాలుగు ప్రశ్నలు అడగాలి. దగ్గు ఉందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గుతున్నారా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా. ఈ జబ్బు ఉన్నవాళ్లను ముందుగా పట్టుకునేది టీబీ. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టర్‌కు చెప్పి టీబీ కోసం వెతికించాలి. ఫారం మీద నాలుగు గడులుంటాయి. ఉంది, లేదు అని రాయాలి.

మొదటిసారి నేను సరిగ్గానే అడిగాను. మనిషి చిక్కిపోయి ఉన్నాడు కాబట్టి తెమడ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే రాయించాం. రెండింటిలోనూ ఏమీ కనబడలేదు. భార్యాభర్తలిద్దరికీ గోలీలు మొదలుపెట్టారు.

పదిహేను రోజులకు అతను ఒక్కడే వచ్చాడు. ఆ రోజు వరండా నిండా జనం. నాతో పనిచేసే ఇంకో కౌన్సెలర్ సెలవులో ఉంది. అతను నా ముందు కూర్చుని ఏదో చెప్పబోయినట్టే ఉంది. నేను తలెత్తకుండానే “దగ్గుందా తమ్మీ?” అన్నాను.

“దగ్గు లేదక్కా.”

నాలుగు గడుల్లోనూ లేదు, లేదు, లేదు, లేదు అని రాశాను. గోలీలు ఆపొద్దని చెప్పి మందుల పుస్తకం చేతిలో పెట్టాను. అతను లేచి, కాసేపు అక్కడే నిలబడి, వెళ్లిపోయాడు. నేను తర్వాతి మనిషిని పిలిచాను.

మా దవాఖాన పక్కనే వైద్య కళాశాల ఉంది. చనిపోయినవాళ్ల శరీరం నుంచీ బతికున్నవాళ్ల శరీరం నుంచీ తీసిన ముక్కలను మైక్రోస్కోప్ కింద చూసి జబ్బు చెప్పే ప్రొఫెసర్ ఒకామె ఆ ఏడాదే అక్కడికి బదిలీ మీద వచ్చింది. యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడేది. వచ్చిన కొత్తలోనే మా గదికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“మీ పేషెంట్లు చనిపోతే సర్టిఫికెట్ మీద ఏం రాస్తున్నారు?” అని అడిగింది.

“హెచ్‌ఐవీ అని. గుండె ఆగిపోయిందని.”

“గుండె అందరికీ ఆగుతుంది. ఏది ఆపిందో మనకు తెలీదు. తెలియకుండా మిగతావాళ్లకు వైద్యం చేస్తున్నాం.”

ఆమె అడిగింది ఇది. మనిషి చనిపోయిన కొన్ని గంటల్లో ఇంటివాళ్ల అనుమతి తీసుకోవాలి. శవాన్ని నిలువునా కోయరు. లావుపాటి సూదితో ఊపిరితిత్తుల నుంచి, కాలేయం నుంచి, పొట్టలో ఎడమవైపుండే తిల్లి నుంచి, మెదడు నుంచి సన్నని ముక్కలు తీస్తారు. దానికి కళాశాల కమిటీ ఒప్పుకుంది. కానీ ఇంటివాళ్లతో ఎవరు మాట్లాడాలి? వాళ్లకు తెలిసిన ముఖం నాదే.

నేను ఒప్పుకున్నాను. మొదట్లో అడిగినవాళ్లందరూ కాదన్నారు. అది కోపం కాదు, అలసట. ఒక ముసలితల్లి కొడుకు పోయి రెండు గంటలు కూడా కాలేదు. నేను చెప్పిందంతా వింది. “బతికినన్నొద్దులు ముట్టుకోనీకి భయపడ్డరు బిడ్డా. సెలైన్ పెట్టనీకి గూడ ఒకరి మీద ఒకరు ఏసుకున్నరు. గిప్పుడు సచ్చినంక ముట్టుకుంటరా?” అంది. ఇక ఈ పని నా వల్ల కాదని ప్రొఫెసర్‌తో చెప్పాలనుకున్నాను. చెప్పేలోపే గొర్లకాపరి వార్డులో చేరాడు.

చేరేటప్పటికే ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి అందడం లేదు. వార్డులో సూదులు మార్చి మార్చి చూశారు, ఆక్సిజన్ పెట్టారు. మూడో రోజు పొద్దున, నేను డ్యూటీకి వచ్చేసరికి పోయాడని తెలిసింది. వార్డు బయట మెట్ల మీద అతని భార్య కూర్చుని ఉంది. ఏడవడం లేదు. అన్న ఆమెకు దూరంగా, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

నన్ను చూడగానే అన్న ముందుకొచ్చాడు. “మంచిగ నడుసుకుంట వచ్చిండు నా తమ్ముడు ఈడికి. నడుసుకుంట. మీ గోలీలు ఏసుకున్నంకనే మంచం వట్టిండు. నెల గూడ కాలె.”

భార్య తన గుడ్డసంచిలోంచి గోలీల డబ్బా తీసి మెట్టు మీద పెట్టింది. అది ఆమెది. మూత తీసి చూశాను. మొదటి కొన్ని రోజులవే తగ్గాయి, మిగతావన్నీ అట్లాగే ఉన్నాయి.

“ఆయన కిందమీద అవుతుంటే నేను బంద్ చేసిన,” అంది. “ఇద్దరం పోతే పిల్లకెవరున్నరు?”

ఆ మాటతో నాకు భయం వేసింది. ఆమెకు రక్తంలో జబ్బును తట్టుకునే బలం అతనికంటే పెద్ద ఎక్కువేమీ లేదు. గోలీలు మానేస్తే ఆమె కూడా ఎక్కువ రోజులుండదు. వేసుకొమ్మని చెబితే ఎందుకు నమ్ముతుంది? భర్తకు కూడా నేనే చెప్పాను.

అప్పుడే ప్రొఫెసర్ అడిగిన విషయం చెప్పాను. సూదితో ముక్కలు తీస్తారని, మనిషి దేనివల్ల పోయాడో వెతుకుతారని, వద్దంటే వద్దనవచ్చని, ఏమన్నా శవాన్ని ఆపరని చెప్పాను. అన్న వెంటనే తల అడ్డంగా ఊపాడు. “కొయ్యనియ్యం. పోయినోన్ని ఇంక సతాయించొద్దు. బండి మాట్లాడిన, తీస్కపోతం.”

భార్య నా ముఖం వైపే చూస్తోంది.

“అక్కా, గా గోలీలే సంపినయా? ఆ సూదితోని గది తెలుస్తదా?”

“తెలిసే అవకాశం ఉంది చెల్లె.”

“తెలిస్తే నాతోని చెప్తరా? మీ గోలీలే అని తేలినా గూడ చెప్తరా?”

నేను ప్రొఫెసర్‌ను పిలిపించాను. ఆమె వచ్చి, అదే మెట్టు మీద ఆ భార్య పక్కన కూర్చుంది. “ఏం దొరికితే అదే చెప్తానమ్మా. మందుల వల్ల అయితే మందుల వల్లే అని చెప్తాను. ఏమీ తెలియకపోతే తెలియలేదని చెప్తాను,” అంది.

భార్య కాగితం అడిగింది. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి. ఒక్కో అక్షరాన్నీ గట్టిగా ఒత్తి సంతకం పెట్టింది. అన్న మెట్లు దిగి గేటు వైపు వెళ్లిపోయాడు. శవాన్ని వదిలేసి పోతాడేమో అనుకున్నాను. పోలేదు. గేటు దగ్గర బండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

సంతకం పెట్టాక ఆమె నా చెయ్యి పట్టుకుంది. “నువ్వు ఆడనే ఉండక్కా. ఆయన్ని ఒక్కన్నే ఇడ్సిపెట్టకు.”

అట్లా నేను మొదటిసారి మార్చురీలోకి పోయాను. లోపల చల్లగా ఉంటుందనుకున్నాను, లేదు. ఉక్కపోతగా ఉంది. ఫార్మలిన్ వాసనకు కళ్లు మండాయి. అతన్ని రాతి బల్ల మీద పడుకోబెట్టారు. దుప్పటి తీస్తే భుజాల ఎముకలు, పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. ఈ పొట్టను నేను ఎప్పుడూ చూడలేదు. మా గదిలో ఎప్పుడూ గొంగడి కప్పుకునే కూర్చున్నాడు.

ప్రొఫెసర్ తొందరపడలేదు. వేళ్లతో పక్కటెముకల మధ్య వెతికి సూది దించేది. సూదికి ఒక మీట ఉంది. నొక్కినప్పుడల్లా టక్కుమని చప్పుడు. బయటికి తీస్తే సూది గాడిలో దారపు పోగంత ముక్క. దాన్ని చిన్న సీసాలో వేసేది. కుడివైపు, ఎడమవైపు, మెడ కింద, తల వెనుక. ఆ టక్కుమనే చప్పుడు వచ్చినప్పుడల్లా నా భుజాలు ఎగిరిపడేవి. నేను చేతులు కట్టుకుని అతని పాదాల దగ్గర నిలబడ్డాను. నా మనసులో ప్రార్థన ఏమీ రాలేదు. పాదాల మడమలు పగిలి, పగుళ్లలో ఎర్రమన్ను ఇంకా ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

పని అయ్యాక ఆ మార్చురీలో చాలా ఏళ్లుగా పనిచేసే పెద్దాయన బకెట్ నీళ్లతో వచ్చాడు. “మీరు జర పక్కకు జరుగుర్రి మేడమ్, నేను తుడుస్త,” అన్నాడు. సూది పోయిన ప్రతి చోటా తుడిచి చిన్న పట్టీ వేశాడు. జుట్టు తడిపి వెనక్కి దువ్వాడు. అన్న వచ్చి దుప్పటి పైకెత్తి చూశాడు. కోత ఎక్కడా కనబడలేదు. దుప్పటి కప్పేసి కాళ్ల వైపు పట్టుకున్నాడు.

నెల రోజుల్లో చెప్తామన్నాం. నెల దాటి ఇంకో రెండు వారాలు పట్టింది. ఆ మధ్యలో భార్య గోలీల కోసం రావలసిన రోజు వచ్చి పోయింది. ఆమె రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. అన్న నంబర్‌కు చేస్తే ఎత్తి, నా గొంతు విని పెట్టేశాడు.

ఒక మధ్యాహ్నం ప్రొఫెసర్ కబురు పంపింది. ఆమె బల్ల మీద గాజు పలకలు వరుసగా ఉన్నాయి. మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టమంది. నీలం రంగు మీద ఎర్రటి సన్నని పుల్లలు, గుంపులు గుంపులుగా.

“టీబీ. ఇది కాలేయం. ఇది తిల్లి. ఇది ఊపిరితిత్తి. ఎక్కడ చూసినా ఇదే,” అంది. “రవ్వంత గింజల్లా ఒళ్లంతా పాకింది. ఇట్లాంటప్పుడు తెమడలో చాలాసార్లు రాదు. ఎక్స్‌రేలో మొదట కనబడకపోవచ్చు. దగ్గు ఉండాలని లేదు.”

“మరి గోలీలు?”

ఆమె చెప్పింది. “గోలీలు చంపలేదు. కానీ గోలీలు పడ్డాక ఒంట్లో బలం కొద్దిగా లేచి, దాక్కున్న టీబీ మీద తిరగబడుతుంది. జ్వరం ఎక్కువవుతుంది. చూసేవాళ్లకు గోలీలే చేసినట్టు ఉంటుంది. ముందు టీబీ పట్టుకుని, దాని మందు మొదలుపెట్టి, ఆ తర్వాత ఇవి ఇచ్చి ఉంటే బతికేవాడేమో. ఖాయంగా చెప్పలేను.” తర్వాత ఆమె మామూలుగానే అడిగింది. “దగ్గు లేకపోయినా జ్వరం ఉండి ఉంటుంది. చెమటలు పట్టి ఉంటాయి. ఎవరూ అడగలేదా?”

నేను మా గదికి వచ్చి అతని ఫైలు తీశాను. రెండోసారి వచ్చిన రోజు కాగితం. నా చేతిరాత. లేదు, లేదు, లేదు, లేదు. నాకు ఆ రోజు గుర్తుకొచ్చింది. నేను ఒక్క ప్రశ్నే అడిగాను.

కాగితం తీసుకుపోయి ప్రొఫెసర్ ముందు పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె కాగితం చదివింది. “వార్డులో కూడా పొట్టకు స్కానింగ్ చేయించలేదు. తప్పు మీ ఒక్కరిదే కాదు,” అంది. ఓదార్చడానికి అన్నట్టు లేదు. లెక్క సరిగ్గా ఉండాలని అన్నట్టు ఉంది.

మర్నాడు సెలవు పెట్టి వాళ్ల ఊరికి పోయాను. కల్వకుర్తిలో బస్సు దిగి ఆటో పట్టుకున్నాను. ఊరి బయట గొర్ల దొడ్డి పక్కన రేకుల పాకలో ఆమె ఒక్కతే ఉంటోంది. కూతుర్ని అత్తగారింట్లోనే ఉంచుకున్నారు. ఈమెకు పళ్లెం, చెంబు వేరు చేశారు. నన్ను చూసి లేవబోయి, కర్ర పట్టుకుని లేచింది. మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ. ముట్టుకుంటే ఒళ్లు వెచ్చగా ఉంది.

నులక మంచం వాల్చింది. నేను కూర్చోలేదు.

“తెలిసిందా?” అంది.

“తెలిసింది. గోలీలు కాదు. టీబీ. ఒళ్లంతా ఉండె.”

ఆమె కిందికి చూసి, “దానికి మందు లేదా?” అంది.

“ఉన్నది. సర్కారు ఊకెనే ఇస్తది. ఆర్నెల్లు వాడాలె.”

“మరి ఆయనకెందుకు ఇయ్యలే?”

దారి పొడవునా ఈ ప్రశ్నకే మాటలు వెతుక్కుంటూ వచ్చాను. అవేవీ నోటికి రాలేదు. “నేను అడగలేదు చెల్లె,” అన్నాను. “జ్వరముందా, చెమటలు పడుతున్నయా అని అడగాలె. ఆ రోజు అడగకుండనే లేదని రాసిన.”

గొర్రెలు దొడ్డిలో కదులుతున్నాయి. ఆమె వాటి వైపు చూసింది.

“రోజు పొద్దుగూకంగనే జరమొస్తుండె ఆయనకు. అంగీ తడిసి ముద్దయితుండె. నీతోని చెప్పి రమ్మని నేనే పంపిన,” అంది. “చెప్పినవా అంటే, అక్క రాసుకుంటుండె, మల్ల చెప్తమని ఊకున్న అన్నడు.”

నేను ఆమె మెడ గడ్డ చూపించి, నాతో ఇప్పుడే రమ్మని, ఇది కూడా అదే కావచ్చని చెప్పాను. “నువ్వు పో అక్కా,” అంది. నేను వచ్చేశాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది గానీ దారిలో ఏ ఊరు దాటామో నాకు తెలియలేదు.

నాలుగో రోజున ఆమె వచ్చింది. వెంట భర్త అన్న ఉన్నాడు. ఆమె చెప్పింది అతను నమ్మలేదు, ప్రొఫెసర్ నోటితో వినాలన్నాడు. ప్రొఫెసర్ అతన్ని లోపలికి పిలిచి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది. అతను ఒక కన్ను మూసి, చాలాసేపు వంగి చూశాడు.

“గివేనా?” అన్నాడు.

“ఇవే.”

“గింత సన్నయి.” తలెత్తి మళ్లీ చూశాడు. “మంద కాడ ఇద్దరం ఒక్కతాన్నే పండుకుంటుంటిమి. నాకు గూడ సూడుర్రి.”

అతనికి పరీక్షలు చేశారు. ఏమీ లేదు. ఆమె మెడ గడ్డలో సూది పెట్టి తీస్తే అదే టీబీ. ముందు టీబీ మందు, రెండు వారాలకు మళ్లీ గోలీలు. మధ్యలో వాంతులు, జ్వరం. ఒక దశలో ఆమె కూడా పోతుందనుకున్నాం. అన్న వార్డు బయట వరండాలో రోజులు గడిపాడు. అప్పటిదాకా వేరుగా పెట్టిన ఆమె పళ్లెం అతనే కడిగి తెచ్చేవాడు. రెండు నెలలకు ఆమె తనంతట తాను నడిచింది. కోలుకుంది. ఇప్పటికీ బతికే ఉంది.

ఆ మొదటి రెండు నెలల్లోనే ఆమె సెంటర్ డాక్టర్‌తో ఒక మాట చెప్పింది. తాను ఇంకో కౌన్సెలర్ దగ్గరే కూర్చుంటానని. నేను సరేనన్నాను. నెలనెలా వచ్చేది. నా బల్ల ముందు నుంచే నడిచిపోయేది. ఎదురుపడితే తల వంచేది, అంతే.

నేను జరిగింది జరిగినట్టు రాసి పైవాళ్లకు ఇచ్చాను. “ఇది రాస్తే నీకే నష్టం, ఎవరూ అడగలేదు కదా,” అన్నాడు సెంటర్ డాక్టర్. అయినా ఇచ్చాను. మెమో వచ్చింది, సమాధానం రాశాను, నౌకరీ పోలేదు. ప్రొఫెసర్ చెప్పినమీదట మా దగ్గర ఒకటి మారింది. చిక్కిపోయి జ్వరంతో వచ్చినవాళ్లకు తెమడ బాగుందని ఆగకుండా పొట్టకు స్కానింగ్ కూడా చేయించడం మొదలైంది. ఆ తర్వాత ఇంకొందరు ఇంటివాళ్లు సూదికి ఒప్పుకున్నారు. నేనే అడిగాను. కొందరిలో టీబీ దొరికింది. ఒకామెలో మెదడుకు పట్టిన బూజు జబ్బు దొరికింది. ఒకాయనలో ఏమీ తేలలేదు, తేలలేదనే చెప్పాం. అడిగే ముందు నేను ప్రతిసారీ ఫైలు తెరిచి నా రాత చూసుకునేదాన్ని.

రెండేళ్లకు ప్రొఫెసర్‌కు వేరే జిల్లాకు బదిలీ అయ్యింది. ఆమె తర్వాత వచ్చినాయన మంచివాడే గానీ పని ఎక్కువ, మనుషులు తక్కువ. సూది పెట్టే పని ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు. అడిగేవాళ్లు లేక ఆగింది.

పోయిన ఏడు మా సెంటర్‌లో ఒక ఇరవై ఆరేళ్ల పిల్లగాడు పోయాడు. అచ్చంపేట రోడ్డులో పంక్చర్ షాపు అతనిది. నాలుగు ప్రశ్నలూ అడిగాను, పరీక్షలన్నీ చేయించాం, ఏమీ దొరకలేదు, వారం రోజుల్లో పోయాడు. అతని తండ్రి సర్టిఫికెట్ తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. చదువు రాదు.

“ఏం రాసిన్రు బిడ్డా ఇండ్ల?”

హెచ్‌ఐవీ అని, గుండె ఆగిపోయిందని ఉంటే చదివి చెప్పాను.

“అది నాకెరికే. ఆ జబ్బుతోని శానమంది మంచిగ తిరుగుతుండ్రు గదా. మరి నా కొడుకు ఎట్ల పోయిండు?”

“తెల్వది బాపు,” అన్నాను.

ఆయన ఇంకా ఏమైనా చెప్తానేమోనని కాసేపు కూర్చున్నాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, శవాన్ని ఇచ్చే గది ఎటువైపని అడిగాడు. నేను లేచి తోడు వెళ్లాను.